సిమ్యులేటర్‌లో కరెంటు పోదు

కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల ఇంజినీరింగ్ కాలేజీల్లో కంప్యూటర్ సైన్స్ విభాగాలు నడిపే పెద్దలకు, రీసెర్చ్ గైడ్లకు, సిలబస్ కమిటీల్లో ఉన్న ప్రొఫెసర్లకు,

నమస్కారం.

కర్నూలులో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ఇరవై ఏళ్లకు దగ్గరగా కంప్యూటర్ నెట్‌వర్క్స్ చెబుతున్నాను. ల్యాబ్ కూడా నేనే చూసుకుంటాను. మీలో కొందరు వైవాలకు వచ్చినప్పుడు పరిచయం, మరికొందరితో పేపర్లు దిద్దే క్యాంపుల్లో కలిసి కూర్చున్నాను. కంప్యూటర్లు ఒకదానికొకటి నేరుగా ఇచ్చిపుచ్చుకునే పీర్ టు పీర్ నెట్‌వర్కుల మీద మన పిల్లలు చేస్తున్న ప్రాజెక్టులు, థీసిస్‌లు చూస్తూ చూస్తూ ఇక ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

పోయిన ఏడాది ఫైనలియర్ పిల్లలు నలుగురు ఒక ప్రాజెక్టు తీసుకున్నారు. హాస్టల్‌లో పాఠాల వీడియోలు అందరికీ కావాలి. ఒక్కో వీడియో మూడు నాలుగు వందల ఎంబీ. రాత్రి భోజనాలయ్యాక అందరూ ఒక్కసారే డౌన్‌లోడ్ పెడితే వైఫై చక్రం తిరుగుతూనే ఉంటుంది. ఒకరు దించుకున్న వీడియోను ముక్కలు చేసి పక్కవాళ్లకు పంచితే, వాళ్లు ఆ పక్కవాళ్లకు పంచితే, బయటి ఇంటర్నెట్ మీద భారం పడేది ఒక్కసారే కదా అని వాళ్ల ఆలోచన. నాలుగు నెలలు కష్టపడి ప్రోగ్రాం రాశారు. ల్యాబ్‌లోని పాత సిస్టంలు, తమ ఫోన్లు, ఒక ల్యాప్‌టాప్ కలిపి ఒక రాత్రి నడిపి చూశారు.

నేనూ అక్కడే ఉన్నాను. ల్యాప్‌టాప్ తెర మీద నల్లటి కిటికీలో లైన్లు పైకి జరుగుతున్నాయి. ఫలానా నోడ్ (నెట్‌వర్క్‌లోని ఒక కంప్యూటర్ లేదా ఫోన్) కలిసింది, ఫలానా ముక్క అందింది. తొమ్మిదిన్నర దాటాక కరెంటు పోయింది. ఆ పాత సిస్టంలకు బ్యాకప్ లేదు, అన్నీ ఒక్కసారే చీకటైపోయాయి. వాటన్నిటినీ కలిపే నెట్‌వర్క్ స్విచ్‌కు మాత్రం చిన్న యూపీఎస్ ఉంది, అది కీచుమంటూ మోగుతోంది. ల్యాప్‌టాప్ తెర మీద కొన్ని క్షణాలు ఏ కదలికా లేదు. తర్వాత జవాబు లేదు, జవాబు లేదు, జవాబు లేదు అంటూ ఒక్క గుక్కలో లైన్లు జలజలా పడ్డాయి. పత్తికొండ వైపు నుంచి వచ్చిన అమ్మాయి ఆ లైన్ల పక్కనున్న టైం చూపించి, "మేడమ్, ఒకటి తర్వాత ఒకటి పోతాయని కదా రీసెర్చ్ పేపర్లలో రాసినారు. అన్నీ ఒకే సెకన్‌లో పోయినాయి" అంది.

నా సర్వీసులో ఒక విద్యార్థి నోట విన్న మంచి పరిశోధన ప్రశ్నల్లో అది ఒకటి. కానీ వాళ్ల రిపోర్టులో ఆ రాత్రి లాగ్, అంటే తెర మీద పడిన ఆ లైన్ల రికార్డు, లేదు. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వస్తారు, గ్రాఫులు అడుగుతారు, పోయిన నోడ్లు చూపిస్తే ప్రాజెక్టు పని చేయలేదంటారు అన్న టెన్షన్‌తో పిల్లలు నెట్‌వర్క్‌ను ఒకే కంప్యూటర్‌లో ఉత్తుత్తిగా నడిపి చూపే సిమ్యులేటర్‌లో వెయ్యి నోడ్లు పెట్టి అందమైన గీతలు గీసుకొచ్చారు. నేనూ సరేనని సంతకం పెట్టాను. మార్కులు బాగానే వచ్చాయి. ఆ సంతకం గురించి నేను ఇప్పటికీ బాధపడుతున్నాను.

ఈ ఉత్తరం కాలేజీ బయటివాళ్లూ చదువుతారు కాబట్టి రెండు మాటలు. సర్వర్ అనే పెద్ద కంప్యూటర్ ఒకచోట ఉంటే అందరూ దాని దగ్గరకే వెళ్లి అడగడం మనకు అలవాటైన పద్ధతి. పీర్ టు పీర్‌లో వడ్డించేవాళ్లు, తినేవాళ్లు వేరుగా ఉండరు. ప్రతి కంప్యూటరూ కొంత ఇస్తుంది, కొంత పుచ్చుకుంటుంది. 1999లో వచ్చిన, పాటలు పంచుకునే నాప్‌స్టర్‌తో ఈ సంగతి ప్రపంచానికి తెలిసింది. అయితే ఎవరి దగ్గర ఏ పాట ఉందో చెప్పే పట్టిక మాత్రం నాప్‌స్టర్ వాళ్ల దగ్గరే ఉండేది. 2001లో కోర్టు ఉత్తర్వుతో ఆ పట్టిక ఆగింది, దాంతో నెట్‌వర్క్ మొత్తం ఆగింది. 2000లో వచ్చిన గ్నుటెల్లాలో పట్టికే లేదు. కావలసింది పక్కవాళ్లను అడగాలి, వాళ్లు తమ పక్కవాళ్లను అడగాలి. ఊరంతా దండోరా వేసినట్టు. జనం పెరిగేకొద్దీ దండోరా మోతతోనే నెట్‌వర్క్ నిండిపోయేది.

ఈ వెతుకులాట చిక్కును 2001, 2002 సంవత్సరాల్లోనే చాలావరకు విప్పేశారు. ఎంఐటీలో కోర్డ్ పద్ధతి కనిపెట్టినవాళ్లలో మద్రాసు ఐఐటీలో చదివిన హరి బాలకృష్ణన్ ఒకరు. కంప్యూటర్లన్నిటినీ అంకెల వలయంలో కూర్చోబెట్టి, ఒక్కొక్కరికీ కొద్దిమంది జాడ మాత్రమే తెలిసేలా చేస్తే చాలు. పది లక్షల నోడ్లున్నా దాదాపు ఇరవై అడుగుల్లో కావలసిన చోటికి చేరతాం. మరుసటి ఏడాది న్యూయార్క్ యూనివర్సిటీ నుంచి కెడెమ్లియా అనే ఇలాంటి పద్ధతే వచ్చింది, ఫైళ్లను ముక్కలుగా పంచుకునే బిట్‌టొరెంట్ దాన్నే ఇప్పటికీ వాడుతోంది. మన ప్రాజెక్టులు చాలావరకు ఇంకా ఈ వెతుకులాట చుట్టూనే తిరుగుతున్నాయి. కోర్డ్ కన్నా ఒకటిన్నర అడుగు తగ్గించాం అని గ్రాఫ్ పెడతారు. తగ్గితే తగ్గిందేమో, కానీ ఇరవై ఏళ్ల కిందట తీరిన లెక్కను మన పిల్లల చేత మళ్లీ మళ్లీ చేయిస్తున్నాం. తీరని లెక్కలు మన ల్యాబ్ గుమ్మం దగ్గరే పడి ఉన్నాయి.

అందులో మొదటిది నోడ్లు వచ్చిపోయే గొడవ. దీన్ని చర్న్ అంటాం. 2002లో యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో సరోయు, గుమ్మడి, గ్రిబుల్ అనే ముగ్గురు నాప్‌స్టర్, గ్నుటెల్లా నెట్‌వర్కులను నేరుగా కొలిచారు. కంప్యూటర్ ఒకసారి కలిస్తే ఉండే సమయం, మధ్యస్థంగా చూస్తే, సుమారు 60 నిమిషాలే అని తేలింది. ఎంత ఎక్కువసేపు ఉన్న నోడ్ అంత ఎక్కువసేపు ఇంకా ఉంటుందని కూడా ఆ కొలతల్లో కనిపించింది. కెడెమ్లియాలో పాత పరిచయాలను వదులుకోకుండా పట్టుకోవడం ఆ గమనింపు మీద కట్టిందే. ఎవరో ఓపిగ్గా కూర్చుని కొలిచినందుకే అంత మంచి పద్ధతి పుట్టింది.

అయితే మనం వాడే సిమ్యులేటర్ సెట్టింగుల్లో నోడ్లు ఎవరిదారిన అవి పోతాయి. ఒకదాని చావుకు ఇంకొకదానితో సంబంధం ఉండదు. లెక్క చూడండి. ఒక నోడ్ పోయే అవకాశం పదిలో ఒకటి అనుకుందాం. ఒకే ఫైల్‌ను మూడు నోడ్లలో దాచితే, మూడూ ఒకేసారి పోయే అవకాశం వెయ్యిలో ఒకటి. చాలా భద్రంగా ఉన్నట్టు కనిపిస్తుంది. ఇప్పుడు ఆ మూడు ఇళ్లూ ఒకే 11 కేవీ ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి వచ్చే కరెంటు లైన్) కింద ఉన్నాయనుకోండి. ఫీడర్ ట్రిప్ అయితే మూడూ పోతాయి. వెయ్యిలో ఒకటి కాస్తా మళ్లీ పదిలో ఒకటి అయిపోతుంది. మూడు కాపీలు పెట్టిన శ్రమంతా వృథా. ఆ రాత్రి మా ల్యాబ్‌లో జరిగింది ఇదే. మరి కాపీలను ఎక్కడ పెట్టాలి? ఏ రెండు నోడ్లు ఒకే ఫీడర్ కింద ఉన్నాయో, ఎవరూ చెప్పకుండా, అవి కలిసి పోవడాన్ని బట్టి నెట్‌వర్క్ తనంతట తాను పసిగట్టగలదా? ఇది చిన్న ప్రశ్న కాదు. దీనికి కావలసిన డేటా ఆదోని, గుత్తి, ప్రొద్దుటూరులో ఊరికే దొరుకుతుంది.

కరెంటు పోవడం ఒక ఎత్తు, తిరిగి రావడం ఇంకో ఎత్తు. మన రైతులకు ఇది బాగా తెలుసు. బోరు మోటార్లకు ఆటో స్టార్టర్లు పెట్టుకుంటారు. త్రీఫేజ్ రాగానే ఆ ట్రాన్స్‌ఫార్మర్ కింది మోటార్లన్నీ ఒక్క క్షణంలో లేస్తాయి. లోడ్ తట్టుకోలేక ఫ్యూజు కొట్టేస్తుంది, లేదంటే ట్రాన్స్‌ఫార్మరే కాలిపోతుంది. అప్పుడు ట్రాక్టర్ మీద దాన్ని ఎక్కించుకుని రిపేరుకు తిప్పే బాధ, ఆ నాలుగు రోజుల్లో ఎండిపోయే మడి, అన్నీ రైతువే. 2007 ఆగస్టు 16న, ఇంటర్నెట్ మీద ఫోన్ చేసుకునే స్కైప్‌కు సరిగ్గా ఇదే జరిగింది. అప్పట్లో స్కైప్ పీర్ టు పీర్ పద్ధతిలో నడిచేది, వాడుకునేవాళ్ల కంప్యూటర్లలోనే కొన్ని మిగతావాళ్లను కలిపే సూపర్‌నోడ్లుగా పని చేసేవి. విండోస్ అప్‌డేట్ తర్వాత ప్రపంచవ్యాప్తంగా లెక్కలేనన్ని కంప్యూటర్లు కొద్ది సమయంలోనే రీస్టార్ట్ అయ్యాయి. సూపర్‌నోడ్లు తగ్గిపోయాయి, లాగిన్లు వెల్లువలా వచ్చిపడ్డాయి, తనను తాను బాగు చేసుకోవాల్సిన ప్రోగ్రాంలో అప్పటిదాకా కనిపించని లోపం బయటపడింది. దాదాపు రెండు రోజులు స్కైప్ లేవలేదు. తర్వాత 2012 నాటికి సూపర్‌నోడ్లను మైక్రోసాఫ్ట్ తన సొంత సర్వర్ల మీదికే మార్చేసుకుంది.

మోటార్లు ఒకటి తర్వాత ఒకటి లేవాలంటే ఒక్కో స్టార్టర్‌కు ఒక్కో ఆలస్యం పెట్టాలి. నెట్‌వర్క్‌లో కూడా అంతే, ప్రతి నోడ్ కాసేపు ఆగి రావాలి. ఎంతసేపు ఆగాలన్నదే చిక్కు. ఎక్కువ ఆగితే సేవ ఆలస్యమవుతుంది, తక్కువ ఆగితే మళ్లీ గుంపుగా పడతాయి. పక్కన ఎంతమంది ఉన్నారో తెలియని నోడ్ ఆ లెక్క ఎలా వేసుకోవాలి? మన థర్డ్ ఇయర్ పిల్లల్లో వ్యవసాయ కుటుంబాల నుంచి వచ్చినవాళ్లకు ఈ పాఠం మోటార్లతో మొదలుపెడితే, నేను బోర్డు మీద సూత్రం రాయకముందే వాళ్లు చెప్పేస్తారు.

రెండో చిక్కు అవతలివాళ్లను చేరడం. మా పిల్లల ప్రోగ్రాం ల్యాబ్‌లో బాగానే నడిచింది కానీ ఇంటికి వెళ్లిన పిల్లవాడి ఫోన్‌తో కలవలేకపోయింది. పూర్వం హాస్టల్‌లో ఒకే ల్యాండ్‌లైన్ ఉండేది గుర్తుందా? లోపలి నుంచి ఎవరైనా ఫోన్ చేసుకోవచ్చు. బయటి నుంచి వస్తే మాత్రం ఏ గది పిల్లవాడికి ఇవ్వాలో తెలియదు. మొబైల్ డేటా మీద ఉన్న మన ఫోన్ల పరిస్థితి చాలావరకు అదే. ఇంటర్నెట్‌లో కంప్యూటర్లకు, ఫోన్లకు ఇచ్చే అడ్రసులు పాత ఐపీవీ4 పద్ధతిలో దాదాపు 429 కోట్లు మాత్రమే, పంచడానికి ఉన్న చివరి దొంతరలు 2011లోనే అయిపోయాయి. అందుకని మొబైల్ కంపెనీలు వందల ఫోన్లను ఒకే అడ్రసు వెనక కూర్చోబెడతాయి. దీన్ని దాటడానికి హోల్ పంచింగ్ అనే ఉపాయం ఉంది. మధ్యవర్తి ఒకడు ఇద్దరికీ ఒకరి జాడ ఒకరికి చెబితే, ఇద్దరూ ఒకేసారి బయటికి పిలుస్తారు, లోపలి నుంచి వెళ్లిన పిలుపుకు జవాబేమో అనుకుని తలుపు తెరుచుకుంటుంది. కొన్ని నెట్‌వర్కుల్లో ఈ ఉపాయం పారదు. అప్పుడు డేటా అంతా మధ్యలో ఒక సర్వర్ గుండా పోవాలి, పీర్ టు పీర్ అన్న పేరొక్కటే మిగులుతుంది. కొత్త పద్ధతి ఐపీవీ6లో అడ్రసులకు కొరత లేదు, మన దేశంలో మొబైల్ నెట్‌వర్కుల్లో అది బాగానే వ్యాపించింది. అయినా బయటి నుంచి వచ్చే పిలుపును ఫైర్‌వాల్ ఆపేస్తే అడ్రసుండీ లాభం లేదు. కడప నుంచి కర్నూలుకు, కర్నూలు నుంచి కదిరికి, ఏ రెండు నెట్‌వర్కుల మధ్య నేరుగా కలుస్తుంది, ఏ రెండింటి మధ్య కలవదు? పిల్లలు ఒక్క సెలవుల్లో తమ ఊళ్ల నుంచి కొలిచి తేగల విషయం ఇది. మన మూడు జిల్లాలకు అలాంటి పటం నేనింతవరకు చూడలేదు.

మూడోది నన్ను ఎక్కువగా ఆలోచనలో పడేసింది. పుచ్చుకుని ఇవ్వకుండా పోయేవాళ్ల సంగతి. 2000లో అడార్, హ్యూబర్‌మన్ గ్నుటెల్లాను పరిశీలిస్తే దాదాపు 70 శాతం మంది ఒక్క ఫైల్ కూడా పంచడం లేదని, వస్తున్న జవాబుల్లో సగానికి సగం ఒక్క శాతం కంప్యూటర్లే ఇస్తున్నాయని తేలింది. దీనికి 2001లో బ్రామ్ కోహెన్ బిట్‌టొరెంట్‌లో చూపిన మందు మన పల్లెల్లో అందరికీ తెలిసిన బదులు పనే. నువ్వు నా చేనికి కలుపుకు వస్తే నేను నీ చేనికి వస్తాను. బిట్‌టొరెంట్ ప్రోగ్రాం కూడా ఎవరు తనకు ఎక్కువ ముక్కలు పంపుతున్నారో పది సెకన్లకోసారి చూసుకుని, వాళ్లకే తిరిగి పంపుతుంది. కొత్తవాడి దగ్గర ఇవ్వడానికి ఏమీ ఉండదు కాబట్టి ముప్ఫై సెకన్లకోసారి ఎవరో ఒకరికి నమ్మి ఇచ్చి చూస్తుంది. ఎంత చక్కని ఆలోచనో అని పాఠం చెప్పిన ప్రతిసారీ అనిపిస్తుంది.

కానీ ఆ రాత్రి మా ప్రయోగంలో ఒక పిల్లవాడి ఫోన్ అందరికంటే తక్కువ పంచింది. ప్రోగ్రాం లెక్క ప్రకారం వాడు దొంగ, కాబట్టి వాడికి ముక్కలు ఆలస్యంగా అందాయి. ఫోన్ తీసి చూస్తే బ్యాటరీ పదకొండు శాతం, పాత ఫోన్, తెర మూల పగిలి ఉంది. బ్యాటరీ తగ్గగానే ఫోనే వెనక నడిచే యాప్‌ను చంపేస్తోంది. ఇంటి దగ్గరైతే వాడికి రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాక్, అందులోనే అక్కకూ హాట్‌స్పాట్ ఇవ్వాలి. వాడు పంచకపోవడం స్వార్థం ఎలా అవుతుంది? ఇచ్చిన ఎంబీలను బట్టి మనిషిని తూచే పద్ధతి పేదవాడిని దొంగ కింద కట్టేస్తుంది. బదులు పనిలో కూడా ఒంట్లో బాగాలేని ఇంటికి జనం వెళ్లి చేసిపెట్టడం నేను చిన్నప్పుడు చూశాను. లెక్క అందరికీ గుర్తుండేది, తొందర మాత్రం పెట్టేవాళ్లు కాదు. ఉన్నదాంట్లో ఎంత ఇచ్చాడో చూడాలా, మొత్తం మీద ఎంత ఇచ్చాడో చూడాలా? మొదటిది న్యాయంగా ఉంది. అయితే నా దగ్గర ఉన్నదే ఇంత అని ఎవడైనా అబద్ధం చెప్పొచ్చు, దాన్ని పట్టుకోవడం ఎలా? మంచి మెదడున్న పిల్లకు నాలుగేళ్ల పీహెచ్‌డీకి సరిపడా పని ఇందులో ఉంది.

అబద్ధాల మాట వచ్చింది కాబట్టి నమ్మకం గురించి. 2002లో మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో జాన్ డౌసర్ ఒక సంగతి తేల్చి చెప్పాడు. గుర్తింపు ఇచ్చే అధికారి ఎవరూ లేని నెట్‌వర్క్‌లో ఒకే మనిషి వంద పేర్లతో చొరబడటాన్ని ఆచరణలో ఆపలేం. దీన్ని సిబిల్ దాడి అంటారు. దొంగ ఓట్ల వ్యవహారమే. బిట్‌కాయిన్ దీనికి ఖరీదు పెట్టింది, ఓటు కావాలంటే కరెంటు తగలేయాలి. మన చేతుల్లో ఉన్న ఫోన్లతో అది అయ్యే పని కాదు. హాల్ టికెట్ నంబరుతో లాగిన్ పెడితే దొంగ పేర్లు ఆగుతాయి కానీ ఏ పిల్ల ఏం చూస్తోందో అందరికీ తెలిసిపోతుంది. ఈ రెండింటి మధ్య దారి వెతకాలి. తప్పు జవాబు ఇచ్చే నోడ్ల సంగతీ ఉంది. గ్రహాంతర సంకేతాల కోసం 1999లో బర్కిలీలో మొదలైన సెటీ ఎట్ హోమ్‌లో 50 లక్షలకు పైగా జనం తమ కంప్యూటర్లను ఇచ్చారు. ఒకే పనిని రెండు వేర్వేరు కంప్యూటర్లకు ఇచ్చి జవాబులు పోల్చుకునేవాళ్లు. పని భద్రం, కానీ ఉన్న శక్తిలో సగం తనిఖీకే పోతుంది. పెద్ద లెక్కలు వేగంగా చేసే జీపీయూ చిప్‌లు కొనలేని మన కాలేజీలకు ఇది దూరపు సంగతేమీ కాదు. 2022లో పెటల్స్ అనే ప్రాజెక్టు వాళ్లు ఒక పెద్ద భాషా మోడల్‌ను బిట్‌టొరెంట్ తరహాలో పొరలు పొరలుగా వేర్వేరు మనుషుల కంప్యూటర్లకు పంచి నడిపి చూపించారు. నాలుగు కాలేజీల్లో తలా ఒక జీపీయూ ఉంటే చాలు, పిల్లలు కలిపి ప్రయత్నించొచ్చు. మధ్యలో లైన్ ఎంత నెమ్మదో, ఎక్కడ పని ఆగుతోందో అప్పుడు అర్థమవుతుంది.

సిమ్యులేటర్లను తీసి పారేయమని నేననడం లేదు. లక్ష నోడ్లు ఎవరి దగ్గరా ఉండవు, అక్కడ అవి కావలసిందే. నోడ్లు ఎలా పోతాయి, ఎలా వస్తాయి, లింకు ఎంత నెమ్మది అన్న అంకెలు మాత్రం సిమ్యులేటర్‌కు మనమే ఇవ్వాలి, వాటిని మన నేల మీద కొలిచి తేవాలి. ఇలాంటి పరిశోధనల కోసం 2002లో మొదలుపెట్టిన ప్లానెట్‌ల్యాబ్‌లో ప్రపంచమంతటా వెయ్యికి పైగా కంప్యూటర్లు ఉండేవి. ఎన్నో మంచి పేపర్లు దాని మీద పుట్టాయి. ఆ కంప్యూటర్లు చాలావరకు యూనివర్సిటీల్లో, ఆగని కరెంటుతో, వేగమైన లైన్లతో ఉన్నాయి, మామూలు జనం ఇళ్లకు అవి నమూనా కావన్న విమర్శ దాని మీద మొదటి నుంచీ ఉంది. 2020లో దాన్నీ మూసేశారు. వాళ్ల దగ్గర లేనిది మన దగ్గర ఉంది. పోతూ వస్తూ ఉండే కరెంటు, రెండు సిమ్ముల ఫోన్లు, సాయంత్రానికి అయిపోయే ప్యాకులు, ఎండాకాలం వేడికి మూతపడే సిస్టంలు, ఇవన్నీ మనం సిగ్గుపడి దాచుకోవలసినవి కావు. ప్రపంచంలో ఎంతోమంది ఇంటర్నెట్ వాడేది ఇలాంటి చోట్ల నుంచే.

ఇదంతా వీడియోలు పంచుకోవడానికేనా అని అడిగేవాళ్లు ఉంటారు. 2009 అక్టోబర్ మొదట్లో తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు మీద పడిన రోజు నేను పాతబస్తీలో మా మేడ మీద ఉన్నాను. కింద మొదటి అంతస్తు మెట్లదాకా నీళ్లు. మా తమ్ముడు వాళ్లు నాలుగు వీధుల అవతల ఇంకో మేడ మీద ఉన్నారు. నా ఫోన్‌లో చార్జింగ్ ఉంది. వాడి ఫోన్‌లోనూ ఉందని తర్వాత తెలిసింది. సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే తగ్గి పోయాయి, ఎంత ఎత్తి పట్టుకున్నా రాలేదు. రాత్రంతా వాళ్లు ఉన్నారో లేరో తెలియకుండా గడిపాం. మా అమ్మ తెల్లవారేదాకా ఆ వైపే చూస్తూ కూర్చుంది. మా ఇద్దరి మధ్య కనీసం ముప్ఫై మేడలు ఉంటాయి. ప్రతి మేడ మీదా జనం, ప్రతి ఇంటి చేతిలో ఫోన్. మాట ఒక మేడ నుంచి ఇంకో మేడకు దాటుకుంటూ పోగలిగితే చాలు. మధ్యలో అడ్డంగా నది లేదు, కొండ లేదు. ఊరి నడిమధ్యలో నాలుగు వీధులు.

2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ఊళ్ల మీద పడినప్పుడు రాజంపేట వైపు ఉన్న నా పాత విద్యార్థి ఒకడు రెండు రోజులు ఫోన్‌కు అందలేదు. నాకు ఆ రాత్రి మళ్లీ గుర్తుకొచ్చింది.

ఫోన్ నుంచి ఫోన్‌కు బ్లూటూత్, వైఫై మీద మాట దాటించే యాప్‌లు ఇప్పటికే ఉన్నాయి. 2014లో హాంకాంగ్‌లో ఫైర్‌చాట్‌ను జనం విరివిగా వాడారు. కానీ వాటిలో ఎంత లోతైన చిక్కులున్నాయో బ్రిడ్జిఫై అనే అలాంటి యాప్ సంగతి చూస్తే తెలుస్తుంది. లండన్‌లోని రాయల్ హాలోవే పరిశోధకులు 2020లో దాన్ని పరీక్షించి, ఇతరుల సందేశాలు చదవొచ్చని, ఒకరి పేరుతో ఇంకొకరు పంపొచ్చని, వాడుతున్నవాళ్ల ఆనవాళ్లు పట్టొచ్చని బయటపెట్టారు. వరద రాత్రి ఎవరో తప్పుడు సందేశం వదిలి, కట్ట తెగింది పారిపోండి అంటే ఏమవుతుందో ఊహించండి. పైగా ఫోన్లు బ్యాటరీ కాపాడుకోవాలి, ఒకే మాట వందసార్లు తిరగకూడదు, ముసలమ్మ ఫోన్‌లో కూడా నడవాలి. ఇవన్నీ నేను పైన రాసిన చిక్కులే. ఆ రాత్రి తెరమీద పడిన లైన్లు నాకు అందుకే అంత ముఖ్యం.

ఇక నా విన్నపం. ల్యాబుల్లో ఒకటి రెండు పాత సిస్టంలను రాత్రిళ్లు కూడా ఆపకుండా వదిలేయనివ్వండి. మూడు జిల్లాల్లో ఎనిమిది పది కాలేజీలు ముందుకొస్తే తలా రెండు సిస్టంలతోనే మనకు సొంత ప్రయోగశాల తయారవుతుంది. అవి గంటకోసారి ఒకదాన్నొకటి పలకరించి, ఎవరు జవాబిచ్చారు, ఎవరు ఇవ్వలేదు, ఎంత ఆలస్యమైంది అని రాసుకుంటే ఒక ఏడాదికి విలువైన లాగ్ చేతికొస్తుంది. దాన్ని అందరికీ తెరిచి పెడదాం. పిల్లల ఫోన్ల నుంచి ఏదైనా కొలిస్తే మాత్రం వాళ్లను అడిగి, వాళ్లకు అర్థమయ్యేలా చెప్పి, పేర్లు తీసేసి వాడుకోవాలి.

పీర్ టు పీర్ అనగానే పైరసీ అని ముఖం చిట్లించకండి. అనుమతి అడిగిన ప్రతిసారీ టొరెంట్ అన్న మాట చూసి ఫైల్ పక్కన పెట్టేసిన అనుభవం నాకుంది. లినక్స్ సీడీ ఇమేజ్‌లు ఏళ్ల తరబడి టొరెంట్ల మీదే ప్రపంచమంతా అందుతున్నాయి. ఫైర్‌వాల్‌లో అందరికీ తలుపు తెరవమని అడగను, ప్రయోగానికి పెట్టిన ఆ రెండు సిస్టంలకు తెరవండి చాలు.

అన్నిటికంటే ముఖ్యం, వైవాల్లో మనం అడిగే ప్రశ్న మార్చుకోవాలి. మీది పాత పద్ధతి కన్నా ఎంత శాతం మెరుగు అని కాకుండా, ఎక్కడ నడిపారు, ఎక్కడ చెడింది, ఎందుకు చెడింది అని అడగండి. చెడిన సంగతిని నిజాయితీగా కొలిచి తెచ్చిన పిల్లకు మార్కులు వేయండి. కొలతల మీదే రాసిన థీసిస్‌ను కొత్త పద్ధతి లేదన్న కారణంతో వెనక్కి పంపకండి.

పత్తికొండ అమ్మాయి చదువు అయిపోయింది, ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తోంది. ఆ రాత్రి లాగ్ ఫైల్ మాత్రం నా దగ్గర పెన్‌డ్రైవ్‌లో భద్రంగా ఉంది. ఆ అమ్మాయిని అడిగాను, ఎవరికైనా ఇవ్వండి మేడమ్ అంది. మా ల్యాబ్ నుంచి రెండు సిస్టంలు సిద్ధం చేసి పెట్టాను, యూపీఎస్ బ్యాటరీ నా డబ్బుతో కొత్తది వేయించాను. వచ్చే సెమిస్టర్ ప్రాజెక్టులు కేటాయించేలోపు మీలో ఎవరు కలిసినా సరే, శనివారం మధ్యాహ్నాలు నేను ల్యాబ్‌లోనే ఉంటాను.

ఇట్లు,
కర్నూలులో నెట్‌వర్క్స్ ల్యాబ్ చూసుకునే ఒక అధ్యాపకురాలు